దర్బారు తెరతో బందరు కాలువ మీద

విజయవాడ నుంచి బందరుకి బస్సులో రెండున్నర గంటల ప్రయాణం. నేను వెళ్ళి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. కాలువ మీద సరుకు పడవలో వెళ్ళాను. బస్సులో వెళ్ళేవాళ్ళు ఏం పోగొట్టుకుంటున్నారో వాళ్ళకి తెలియదు కాబట్టి సుఖంగానే ఉంటారు. పైగా వాళ్ళకి నడుం నొప్పి ఉండదు. నాకు ఇది రాస్తున్నప్పుడు కూడా ఉంది.

పందెం

నేను హార్మోనిస్టుని. పదమూడేళ్ళు వన్ టౌన్‌లో ఒక నాటక సమాజంలో పెట్టె వాయించాను. జనమంతా సినిమా హాళ్ళకి ఎగబడడంతో మొన్న వేసవిలో మా సమాజం మూతపడింది. ఉన్న సామాను అందరం పంచుకున్నాం. రాజు వేషం వేసే ఆయన కిరీటం తీసుకున్నాడు. మునుల వేషాలు వేసే ఆయన గడ్డాలన్నీ మూటగట్టుకుపోయాడు. నా వాటాకి దర్బారు తెర వచ్చింది. దాని మీద నాలుగు స్తంభాలు, ఒక సింహాసనం, అటూ ఇటూ రెండు సింహాలు ఉంటాయి. ఆ బొమ్మ వేసినాయన సింహాన్ని ఎన్నడూ చూసి ఉండడు. అవి అచ్చం మా సందులో కుక్కల్లా ఉంటాయి. తడి తగలకుండా హార్మోనియాన్ని ఆ తెరలో చుట్టి దాచుకున్నాను.

ఇక ఎవరి కిందా వాయించకూడదనీ, సొంత బాణీలు కట్టి ఊరూరా తిరిగి వినిపించాలనీ నిర్ణయించుకున్నాను. నిర్ణయించుకోవడానికి ఖర్చేముంది? అప్పటికి తయారైన బాణీ ఒక్కటే. పావుగంట సాగుతుంది. మాటలుండవు, రాజులుండరు. దానికి ముగింపు కూడా ఇంకా కుదరలేదు. వాయిస్తూ వాయిస్తూ ఎక్కడో ఒకచోట దగ్గి ఆపేసేవాణ్ణి.

మా ఆవిడ మార్తమ్మ ఈ దగ్గుని పెద్దగా మెచ్చుకోలేదు. వాళ్ళన్నయ్యకి ఆటోనగర్‌లో లారీ స్పేరు పార్టుల కొట్టుంది. కౌంటరులో కూర్చుని బేరింగులు అమ్మడానికి మనిషి కావాలని ఆయన కబురు పెట్టాడు. నేను ముఖం ముడుచుకున్నాను. అప్పుడు మార్తమ్మ నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"మీ సొంత బాణీని ఇంతవరకూ ఒక్కళ్ళన్నా రెండోసారి వాయించమన్నారా? పది రోజులు తిరిగి రండి. ఎవరైనా సరే, ఒక్కళ్ళు మళ్ళీ వాయించమంటే నేనింక నోరెత్తను. అడక్కపోతే మాత్రం ఒకటో తారీఖున అన్నయ్య కొట్లో కూర్చోవాలి."

నాటకాలు చూడనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. మా వైపు పౌరాణిక నాటకంలో పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని అరుస్తారు. పాడినవాడు మళ్ళీ మొదటినుంచీ పాడాల్సిందే. ఒకసారి మా రాజు పద్యం పాడి చచ్చిపోయాక వన్స్ మోర్ అన్నారు. ఆయన లేచి, ధూళి దులుపుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయాడు. అలాంటి మర్యాద పెట్టె వాయించేవాడికి దక్కదు. పదమూడేళ్ళలో నా వైపు చూసి ఎవరూ ఆ మాట అనలేదు. మార్తమ్మకి ఆ సంగతి తెలుసు.

సాక్షిని కూడా తనే ఏర్పాటు చేసింది. మా సందు చివర ఉండే మస్తాన్ గారు సరుకు పడవ సరంగు. ఆయన అబద్ధం చెప్పడని వీధంతా నమ్మకం. కొడుక్కి సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్ళతో, మావాడికి ముక్కు మీద కోపమండీ అని తనే చెప్పి సంబంధం చెడగొట్టుకున్న మనిషి. ఆయన పడవలో నాకు చోటు దొరికింది. టిక్కెట్టు లేదు. బదులుగా వంట చెయ్యాలి, గెడ వెయ్యాలి, వంతెనలు వచ్చినప్పుడు ముందుగా కేక వెయ్యాలి.

కంకిపాడు

పడవ నిండా నాపరాళ్ళు. వాటి మీదే నా పక్క. నడుం నొప్పి సంగతి ఇందుకే మొదట రాశాను.

మాతో ఇంకొక మనిషి దావీదు. నలభై ఏళ్ళుంటాయి. గెడ భుజానికి ఆనించి పడవ అంచు మీద ముందునుంచి వెనక్కి నడుస్తూ పడవని తోస్తాడు. ఆదివారాలు వాళ్ళ పల్లెలో చర్చి పాటలు మొదలెట్టేది ఆయనే. మిగతా ఆరు రోజులూ నాటక పద్యాలు పాడతాడు. తెర కట్టారని తెలిస్తే పది మైళ్ళు నడిచివెళ్ళి నాటకం చూసే రకం. నన్ను చూడగానే, మీ సమాజం రాజుకి మూడో పద్యంలో ఊపిరి చాలదు మాస్టారూ అన్నాడు. నిజమే, చాలదు.

విజయవాడలో కుళాయి నీళ్ళ కోసం బిందెలతో జుట్లు పట్టుకుంటాం. ఇక్కడ కాలువలోనే స్నానం, అందులోనే గేదెలు, అందులో నీళ్ళతోనే వంట. నేను వెనకాడడం చూసి మస్తాన్ గారు కుండ లోపల ఇండుపగింజ అరగదీసి నీళ్ళు పోశారు. కాసేపటికి మట్టంతా అడుగుకి దిగింది. గేదెల జ్ఞాపకం మాత్రం దిగలేదు. అయినా ఆ నీళ్ళతో వండిన పరిగె చేపల పులుసు మూడుసార్లు వడ్డించుకున్నాను.

కంకిపాడు రేవులో పెసరట్టు ముప్ఫై పైసలు. మా వన్ టౌన్ పెసరట్టులోంచి అవతలి మనిషి కనబడతాడు. ఇక్కడిది తింటే అవతలి పూటకి ఆకలి కనబడదు. హోటలు ముందు బల్ల మీద పెట్టె పెట్టి నా బాణీ వాయించాను. పదిమంది చేరారు. బాగా వాయించావయ్యా, ఇప్పుడు సినిమా పాట కానీ అన్నారు. మస్తాన్ గారు నా వైపు చూసి తల అడ్డంగా ఆడించారు. ఆయన తొమ్మిది రోజుల్లో నాకు చేసిన సంగీత విమర్శలో సగం అదే.

ఉయ్యూరు రేవు

ఉయ్యూరులో నా పంట పండిందనుకున్నాను. రేవు మెట్ల మీద కూర్చుని వాయించి, అలవాటుగా దగ్గి ఆపాను. జామకాయలమ్మే ఒక ముసలావిడ నా దగ్గరికొచ్చి, "అది మళ్ళీ వాయించు నాయనా" అంది. నాకు కళ్ళు చెమర్చాయి. సిగ్గుపడకుండా చెబుతున్నాను, చెమర్చాయి. మస్తాన్ గారిని పేరు పెట్టి గట్టిగా పిలిచాను.

ఆయన తీరిగ్గా వచ్చి, ఎందుకమ్మా మళ్ళీ వాయించమంటున్నావని ఆవిడని అడిగారు. గంప దింపుకునే హడావిడిలో ఏమీ వినలేదనీ, మంది చేరితే నాలుగు కాయలు అమ్ముడుపోతాయనీ ఆవిడ దాపరికం లేకుండా చెప్పింది.

"ఒకసారి విన్నవాళ్ళు అడిగితేనే అది రెండోసారి అవుద్ది మాస్టారూ," అన్నారు మస్తాన్ గారు. "విననివాళ్ళకి ఇదే మొదటిసారి కదా. చెల్లదు."

నేను ఆయనతో ఆ పూటంతా మాట్లాడలేదు. ముసలావిడ కోసం మాత్రం మళ్ళీ వాయించాను. గంప ఖాళీ అయింది. నాకు రెండు జామకాయలు ఇచ్చింది, ఒకటి పుచ్చుది.

బందరు

విజయవాడలో కొట్లోకి వెళితే ఏం కావాలి అంటారు. బందరులో ముందు మీది ఏ ఊరు, ఎవరి తాలూకు అంటారు. హల్వా కొనేలోపు నేను మా తాతగారి దాకా చెప్పుకున్నాను. హల్వా మాత్రం నోట్లో వేసుకుంటే తాతలందరూ గుర్తొచ్చేంత బాగుంది.

నాపరాళ్ళు దింపి ఉప్పు ఎక్కించేలోగా, హల్వా కొట్టాయన నన్నొక రీడింగ్ రూముకి తీసుకెళ్ళాడు. అక్కడ ఇద్దరు సంగీతం తెలిసిన పెద్దమనుషులు ఉన్నారు. ఇద్దరూ కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ చివరిదాకా విన్నారు. పదమూడేళ్ళలో అంత శ్రద్ధ నేను చూడలేదు. నేను దగ్గగానే ఒకాయన, కల్యాణి రాగాన్ని బాగా పట్టావయ్యా అన్నాడు. రెండో ఆయన, కల్యాణి ఏమిటి నీ మొహం, అది యమన్ కల్యాణి అన్నాడు. అక్కణ్ణించి గంటన్నర గొడవ. మళ్ళీ ఒకసారి వాయించమంటే తేలిపోయే విషయం. కానీ అడిగితే అనుమానం ఉన్నట్టు ఒప్పుకోవాలి కదా, ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. నేను పెట్టె సర్దుకుని లేచినప్పుడు కూడా వాళ్ళు నన్ను చూడలేదు.

పడవకి నడిచి వస్తుంటే నాకు ఏడుపొచ్చింది. నాకు బేరింగుల మీద కోపమేమీ లేదు. కానీ ఆ కౌంటరులో కూర్చుంటే ఈ బాణీకి ముగింపు ఎప్పటికీ దొరకదని నాకు గట్టిగా తెలుసు.

వంతెన

తిరుగు ప్రయాణం ఎదురు నీటి మీద. పొద్దున పూట కట్ట మీద నడుస్తూ పడవని తాడుతో లాగాలి. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపునుంచి గాలి తిరిగితే తెరచాప ఎత్తాలి. ప్రతి వంతెన దగ్గరా తెరచాపనీ, దాని కొయ్యనీ దించి, దాటాక మళ్ళీ ఎత్తాలి.

రెండో రోజు మధ్యాహ్నం గాలి బాగా తగిలింది. మస్తాన్ గారు వెనకవైపు నమాజు చేసుకుంటున్నారు. చుక్కాని దావీదు చేతిలో ఉంది. తెరచాప అడ్డం కాబట్టి ఆయనకి ముందున్నది కనబడదు. చూడాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను పెట్టె ఒళ్ళో పెట్టుకుని ముగింపు వెతుకుతున్నాను. ఉప్పు తేమకి ఒక మెట్టు నొక్కితే పైకి లేవడం లేదు. దాన్ని గోటితో లేపుతూ, ఈసారి దొరికేట్టే ఉందనుకుంటూ తలెత్తితే వంతెన నెత్తి మీదకి వచ్చేసింది.

నా కేకకి దావీదు ఒక్క ఉరుకున వచ్చి కొయ్య దించాడు. కొయ్య దక్కింది కానీ వంతెన ఇనప కమ్మీకి తగులుకుని తెరచాప నిలువునా చిరిగింది. నడిమి భాగం ముక్కలు ముక్కలై నీళ్ళలోకి వేలాడింది. మస్తాన్ గారు నమాజు ముగించుకునే లేచారు. వచ్చి చూశారు. తిట్టి ఉంటే బాగుండేది.

"పెద్ద గుడ్డ ఏదన్నా ఉందా మన దగ్గర?" అన్నారు.

ఉన్నది ఒక్కటే. ఆ దర్బారు తెర ముందు కూర్చుని నేను పదమూడేళ్ళు వాయించాను. విప్పి ఇచ్చాను. దావీదు దబ్బనం తీసుకుని, సింహాసనం తలకిందులు కాకుండా జాగ్రత్తగా కుట్టాడు. మర్నాడు మధ్యాహ్నం గాలికి తెరచాప ఎత్తితే, పచ్చటి చేల మీదుగా నాలుగు స్తంభాల దర్బారు, రెండు కుక్కల్లాంటి సింహాలతో సహా, మెల్లగా విజయవాడ వైపు బయల్దేరింది.

పేరు రాయని ఊరు

ఈ ఊరి పేరు రాయను. రాస్తే వాళ్ళు నాకోసం వస్తారు.

రేవు దగ్గరకొచ్చేసరికి కట్ట మీద జనం బారులు తీరి ఉన్నారు. చేలో పనిచేసుకుంటున్నవాళ్ళు దూరంనుంచి దర్బారుని చూశారట. నాటకాల కంపెనీ పడవ మీద వస్తోందని ఊళ్ళోకి కబురు వెళ్ళింది. మేం వచ్చేలోపే ప్రెసిడెంటు గారు కుర్చీలు వేయించి, కుండలతో మజ్జిగ తెప్పించారు. పొద్దు ఇంకా నడినెత్తి నుంచి పెద్దగా జరగలేదు. ఎండలో నాటకమేమిటని నేననుకున్నాను గానీ వాళ్ళకి ఆ అనుమానమే రాలేదు.

ఇది ఉప్పు పడవండీ, మేం ముగ్గురమేనండీ అని చేతులు జోడించి చెప్పాను. ప్రెసిడెంటు గారు తెరచాపని చూశారు, నా ఒళ్ళో హార్మోనియాన్ని చూశారు.

"తెర ఉంది, పెట్టె ఉంది. మనుషులు ముగ్గురున్నారు. ఇంకేం కావాలండీ?" అన్నారు.

పడవని గూటానికి కట్టేసి తెరచాప అలాగే ఉంచాం. ఉప్పు బస్తాలు రెండు ఒకదాని మీద ఒకటి పేర్చి సింహాసనం చేశాం. నా సొంత బాణీకి ఇంతమంది మళ్ళీ దొరకరని, నాటకానికి ముందు అదే అందుకున్నాను. రెండు నిమిషాలు ఊరుకున్నారు. తర్వాత ఎవరో, శ్రుతి చూసుకోవడం అయిపోతే మొదలెట్టండీ అన్నారు. నేను ఆపేశాను.

దావీదు తలకి తువ్వాలు చుట్టి, లుంగీతో, చొక్కా లేకుండా బస్తాల మీదకెక్కి రాజయ్యాడు. మస్తాన్ గారిని మంత్రిగా ఉండమన్నాను. నేను మంత్రిని కాదు, కాననే చెబుతాను అన్నారు. చెప్పారు కూడా. జనం అదీ నాటకంలో మాటే అనుకుని నవ్వారు.

దావీదు నోరు తెరిచాడు. నేను శ్రుతి పట్టుకున్నాను. మాటలు దర్బారు పద్యానివే. కానీ బాణీ ఆ పద్యానిది కాదు. మొదటి పాదం సగంలో నా చేతులు వాటంతటవే కదిలాయి. అది నాది. నా బాణీలో మొదటి భాగం. వారంగా రోజూ గెడ వేస్తూ, తాడు లాగుతూ విన్నదే ఆయన గొంతులోకి వచ్చేసింది. పద్యం చివర ఏం చెయ్యాలో ఆయనకీ తోచలేదు. చర్చిలో పాట చివర గొంతు దించినట్టు మెత్తగా, మెట్టు మెట్టుగా దించి ఆపాడు. అంతకాలం నేను దగ్గిన చోట ఉండాల్సింది అదే.

కట్ట మొత్తం వన్స్ మోర్ అంది.

ఆయన మళ్ళీ పాడాడు. మళ్ళీ వన్స్ మోర్ అన్నారు. మూడోసారి పాట ఎత్తులో ఉండగా గాలి ఒక్క పెట్టున ఊపందుకుంది. దర్బారు పొట్ట ఉబ్బింది, గూటం ఊడింది, పడవ కదిలింది. దావీదు కళ్ళు మూసుకుని ఉన్నాడు, ఆయనకి తెలియదు. మస్తాన్ గారు చడీచప్పుడు లేకుండా వెళ్ళి చుక్కాని పట్టుకున్నారు. జనం లేచి, ప్రెసిడెంటు గారు ముందు, మిగతావాళ్ళు వెనక, మాతోపాటు కట్ట మీద నడుస్తూ మూడోసారి వన్స్ మోర్ అన్నారు. ఊరి పొలిమేర దాకా అలాగే నడిచారు. మజ్జిగ కుండ ఒకటి మాతో వచ్చేసింది. పేరు రాయకపోవడానికి అసలు కారణం అదే.

అంతా సద్దుమణిగాక దావీదుని పట్టుకున్నాను. ఆ పద్యం అసలు బాణీ మర్చిపోయాననీ, నోటికొచ్చింది పాడాననీ, తప్పయితే ఏమనుకోవద్దనీ అన్నాడు. నేను ఆయన్ని కావలించుకున్నాను. వెంటనే చుక్కాని దగ్గరికి పరిగెత్తి, ఇప్పుడేమంటారని మస్తాన్ గారిని అడిగాను.

"వాళ్ళు అడిగింది పద్యాన్నో, దావీదునో, నీ బాణీనో నాకెట్టా తెలుస్తుంది?" అన్నారాయన. "చూసింది చూసినట్టు చెల్లెమ్మకి చెబుతా. తేల్చేది ఆమె."

మా గుమ్మం

విజయవాడ లాకులు దాటి ఇంటికొచ్చేసరికి పొద్దున తొమ్మిదయింది. ఒకటో తారీఖు ఇంకా రెండు రోజులుంది. మార్తమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. మస్తాన్ గారిని కూర్చోమని టీ ఇచ్చి, మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది. నా మొహం చూడలేదు.

మస్తాన్ గారు మొత్తం చెప్పారు. సినిమా పాట అడిగినవాళ్ళని, జామకాయల ముసలావిడని, రీడింగ్ రూము గొడవని, నేను చింపిన తెరచాపని, ఏదీ వదలలేదు. మజ్జిగ కుండ సంగతి కూడా చెప్పారు. చివరికి, మూడుసార్లు అడిగిన మాట నిజమే గానీ ఎవర్ని అడిగారో తేల్చలేనన్నారు.

మార్తమ్మ చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఎప్పుడూ అననిది అప్పుడు అంది.

"ఏదీ, వాయించండి."

గడపలోనే కూర్చుని పెట్టె తెరిచాను. ఉప్పుకి పట్టేసిన మెట్టుని గోటితో లేపుకుంటూ మొదటినుంచీ వాయించాను. చివర దగ్గలేదు. దావీదు దించినట్టే, మెట్టు మెట్టుగా దించి ఆపాను. నాకు తలెత్తాలంటే భయమేసింది.

"బియ్యం ఏరుకుంటూ సరిగ్గా వినలేదు," అంది మార్తమ్మ. "మళ్ళీ వాయించండి."

నా ప్రాణం ఉసూరుమంది. విననివాళ్ళు అడిగితే చెల్లదు. ఉయ్యూరు రేవులోనే ఆ తీర్పు అయిపోయింది. నేను మస్తాన్ గారి వైపు చూశాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నారు.

"నేను అబద్ధం చెప్పలేను చెల్లెమ్మా. ఆయన పెట్టె తెరిచిన దగ్గర్నుంచీ నీ చేటలో ఒక్క గింజ కదల్లేదు."